కనకాంబరపు దిష్టిచుక్క

హేమంతము తన మంచుదుప్పటిని తుమ్మెదగిరి కోటబురుజుల మీదనుండి యింకను మడిచిపెట్టని మార్గశిరమాసపు ప్రభాతసమయంబున తుషారబిందుభరముచే తలలు వాల్చిన చేమంతులును బంతులును బాలారుణకిరణస్పర్శకు మెల్లమెల్లన మెడలెత్తి చూచుచుండ, రాజోద్యానపాలకులు వానిని వెదురుగంపల నించి శిరముల నిడికొని కోట తూర్పువాకిట నున్న పూలకొట్టునకు వరుసగా వచ్చుచుండిరి. ఆ కొట్టు నల్లరాతిస్తంభములును చల్లని నాపరాతినేలయు గల పొడవైన చావడి. దాని నట్టనడుమ తడిపిన అరటినారచుట్టలు ముందిడికొని యాఱుగురు పుష్పలావికలు మండలాకారమున గూర్చుండి, చెవులు వాకిటియందును చేతులు పూలయందును నిలిపి, సూర్యుడు బారెడెక్కులోపల రాజమందిరద్వారములకును దేవతార్చనకును అంతఃపురకాంతల కొప్పులకును వలయు మాలల నెల్ల గట్టుచుండిరి. పూలగంధము తడినారవాసనతో గలసి యా చావడికే చెల్లిన యొక పరిమళమై చీరకొంగులను బట్టికొని వారి వెంట నిండ్లకు సైతము పోవుచుండెను.

వారిలో వకుళ యను నామె యిరువదియాఱేండ్ల ప్రాయముగలది. ఆమె తల్లియు తల్లి తల్లియు నా నాపరాతి మీదనే కూర్చుండి మాలలు గట్టినవారు. ఏడవయేట తల్లియొడిలో గూర్చుండి తొలిముడి వేసిననాటినుండియు నామె వ్రేళ్ళకు పూలే చుట్టములు. ఆమె గట్టిన మాలయందు నార కనబడదు, పూవు నలగదు, ఒత్తుగా నుండియు బరువుగా నుండదు. వేకువనే లేచి కొట్టునకు బోవలయునను తలంపే యామెకు చిరకాలము పండుగవలె నుండెను. అట్టి వకుళ యిపుడు రెండేండ్లుగా తెల్లవాఱుచున్నదనిన బెదరుచుండెను. దానికి కారణము చలి గాదు, తిరువేంగళయ్య.

తిరువేంగళయ్య రెండేండ్లుగా పూలకొట్టునకు పారుపత్యదారు, అనగా నచ్చటి పెత్తనమంతయు నాతనిదే. ఉన్నతకాయుడు, విశాలస్కంధుడు, నొసట నిలువుబొట్టును చేత కొనకు వెండిపొన్ను తొడిగిన బెత్తమును గలవాడు. ఆ బెత్తముతో నెవరినైన గొట్టినట్లు చెప్పుకొన్నవారు లేరు. కొట్టవలసిన పనియు లేదు, నాలుక చాలును. పొద్దుపొడిచిన రెండు గడియలకు వచ్చి, స్తంభముల నడుమ దండెముమీద వ్రేలాడదీసిన మాలలయెదుట నిలిచి, తల యెత్తక దింపక తన కంటియెత్తున నున్న పూలనే పరకాయించి చూచుచు, తప్పు దొరకువఱకు నచ్చోటు గదలడు. దొరకనిచో గలిగించుకొనును. కోడిగ్రుడ్డుమీద నీకలు పీకుట యనునది లోకులకు సామెత గాని యాతనికి దినచర్య.

"ఇది మాలయా, బావికి గట్టు చేంతాడా?" అనును. "ఏ జన్మమున నేమి పాపము చేసినవో యీ చేమంతులు, మీచేత బడినవి" అనును. నలువదియేండ్లుగా నా కొట్టులో పూలు గట్టి ముదిసిన తాయమ్మను బట్టుకొని "నీ చేతులు వడకుటకు వాతము కారణము గాదు, బద్ధకము కారణము" అని యొకనాడనగా, నా వృద్ధురాలు తలవంచి, అప్పటినుండి వణకని చేతులను సైతము వణకించుకొనుచుండెను.

వకుళ తొలుత నీ విపత్తునకు మందు తన పనితనమే యని తలంచెను. ఇతరు లొకమాఱు చూచుకొన్నచో తాను మూడుమాఱులు చూచుకొనెను, ఒక్క రేకైన వాడిన పూవును దూరముగా బాఱవైచెను. అంత తిరువేంగళయ్య మాలయం దేమియు గానక గంపయందు తప్పు బట్టెను, గంప బాగున్ననాడు నారతడియందు బట్టెను, నార బాగున్ననాడు వకుళ కూర్చుండిన తీరునందు బట్టెను. పిమ్మట నామె మౌనమును బూని చూచెను. మౌనమునకు పొగరని పేరు పెట్టబడెను. తుదకు కన్నీళ్ళు వచ్చెను. పూలమీద నీళ్ళు చల్లుట యా కొట్టున నెట్లును గలదు గనుక వాని నెవ్వరును గమనింపలేదు.

ఇంతకంటె నక్కజమైన కీడు మఱియొకటి జరుగుచుండెను. అది యామె యింట జరుగుచుండెను. వకుళ యన్నయు వదినె కోనమ్మయు వారి నాలుగునెలల కూతురును గల యా చిన్నయింట మునుపు నవ్వులకు కఱవు లేదు. ఇటీవల వకుళ యింటికి వచ్చినతోడనే చారులో నుప్పు హెచ్చెననియు, ముగ్గు వంకరవోయెననియు, దీపపువత్తి లావయ్యెననియు ననుచుండెను. ఒక సాయంకాలము కోనమ్మ తన చేతులార గుట్టిన పసుపుచొక్కాయను బిడ్డకు దొడిగి మురియుచు నాడుబిడ్డకు జూపగా, వకుళ దానిని కంటియెత్తునకు బట్టి చూచి "కుట్టు వంకర" యనెను. కోనమ్మ మోము చిన్నబోయెను. ఆ పలుకు తన నోటనే వెడలినను గొంతు మాత్రము తిరువేంగళయ్యదని వకుళ కప్పుడు స్పష్టముగా వినబడెను. ఆమెకు తనమీద తనకే రోతవుట్టెను. తల్లివలన వచ్చిన పనియైనను ఉగాదివఱకు జూచి విడిచివేయుదునని యా క్షణమున నిశ్చయించుకొని కన్నులు తుడుచుకొనెను.

కోనమ్మ బిడ్డకు నీళ్ళుపోసి, సాంబ్రాణిపొగకు తల యార్చి, కనుబొమలు దిద్ది, చెక్కిలిమీద చిటికెనవ్రేలితో నొక కాటుకచుక్క పెట్టెను. అలుక దీర్పవలయునను నాసతో వకుళ దాపునకు జరిగి కూర్చుండి "బంగారమువంటి చెక్కిలి వదినా. దానిమీద నంత లావుచుక్క యేల? పెట్టినను గుండ్రముగా నైన పెట్టవైతివి" అనెను. అని నాలుక గఱచుకొనెను, మరల తప్పే పట్టినది గదా. కోనమ్మకు నవ్వాగలేదు.

"వంకరగానే పెట్టవలయును వకుళా. చూడవచ్చినవారి కన్ను సూటిగా పోయి దానిమీద బడును, అచ్చటనే యాగిపోవును, బిడ్డజోలికి రాదు. నరుని కంటికి నల్లరాయియు బగులునని పెద్దలనిరి. కన్ను ఊరకుండునది గాదమ్మా. దాని మేత దానికి వేసి మన బిడ్డను మనము దక్కించుకొనవలయును" అని కోనమ్మ బిడ్డను వకుళ యొడిలో బెట్టెను.

వకుళ యా చుక్కను చాలసేపు చూచెను. నిజమే, ఎంత చూడవలదనుకొన్నను కన్ను తొలుత దానిమీదికే పోవుచుండెను. బిడ్డ బోసినోరు దెఱచి నవ్వెను. వకుళయు నవ్వెను. ఆ నవ్వునందు బిడ్డకు సంబంధించినది సగమే గాని తక్కినసగము మఱునాటి కార్యమునకు సంబంధించినది.

మఱునాడు సింహద్వారమునకు తెల్లచేమంతులమాల కట్టుచు వకుళ దానినడుమ నొక్క కనకాంబరమును గ్రుచ్చెను. కనకాంబరము చిఱుపూవు, ఏ ఋతువునకైన దొరకునది, వాసన లేనిది, తెలుపుమీద నెఱ్ఱని చుక్కవలె నుండునది. కొట్టులోని మూడవ స్తంభముమీద నొక చెక్కడపుహంస గలదు. ఆ హంసకన్ను తిరువేంగళయ్య కంటితో సమమైన యెత్తున నుండునని వకుళ రెండేండ్లుగా తలవంచుకొని నిలిచి క్రీగంట గనిపెట్టియుండెను. కనకాంబరము హంసకంటికి సరిగా వచ్చునట్లు మాలను దండెమున వ్రేలాడదీసి, మిగిలినవారితో గూడ వెనుకకు జరిగి నిలిచెను.

తిరువేంగళయ్య వచ్చెను, నిలిచెను, చూచెను. బెత్తపుపొన్ను తిన్నగా కనకాంబరముమీద వ్రాలెను.

"ఇదేమి?"

"పొరపాటయ్యా. ఇపుడే తీసివేయుదును."

"నా కన్ను లేకున్న నీ కొట్టు గతి యేమగును?" అని యాతడు మూడుమాఱులు తలయూచి, మీసము సవరించుకొని, గంపలనైనను నారనైనను తాయమ్మనైనను జూడక, ఘనకార్యము నెఱవేర్చినవానివలె వెడలిపోయెను. వకుళ కనకాంబరమును దీసి యచ్చోట చేమంతి నుంచెను. మాల నిర్దోషమయ్యెను, ప్రాతఃకాలము నిర్విఘ్నమయ్యెను. ఆఱుగురు నొకరి మొగము లొకరు చూచుకొనిరి.

ఆ యాఱుగురిలో వాడినోరుగల నాంచారి యనునది రహస్యమును తొలుత గ్రహించినది. తాయమ్మకు చెప్పగా నామె బోసినోటికి కొంగడ్డము పెట్టుకొని కన్నీరు గాఱ నవ్వెను. పెదవి దాటిన మాట పృథివి దాటునని యెల్లరు నరటినార బట్టుకొని ప్రమాణము చేసిరి. అది మొదలు నా కొట్టున నొక క్రొత్త యాచారము వెలసెను. వేకువను కూర్చుండినతోడనే నాంచారి "నేటి చుక్క యెవరి వంతు?" అని యడుగును, వంతువచ్చినవారు కనకాంబరమును కన్నుల కద్దుకొని తమ మాలలో నుంతురు. ఒకనాడు చుక్క బోర్లపడిన పూవు, ఒకనాడు వెలితియైన వరుస, ఒకనాడు వదలైన ముడి. ఎట్టిదైనను హంసకంటికి సరిగా నుండవలయుననుట నియమము. తినవలసినదని ముందే యెఱింగిన తిట్టు వంటికి దగులదు. తమ చేతిపనికి దగులని తిట్టునకు నొచ్చుకొనవలసిన పనియే లేదని వారికి దినదినమును స్పష్టపడుచుండెను.

ఇట్లు పుష్యము గడచెను, మాఘము గడచెను. తాయమ్మ చేతులు వాతమునకెంత వణకవలయునో యంతయే వణకుచుండెను, దానికి మించి వణకుట మానెను. చావడియందు కబుర్లు మరల మొదలయ్యెను, వెనువెంట పాటలును వచ్చెను. వకుళ యింట చారు రుచియయ్యెను. పసుపుచొక్కాయ కుట్టు నిజముగా వంకరయే యైనను బిడ్డ దానిని దొడిగికొని ప్రాకనేర్చెను, ఆ వంకర కనబడినప్పుడెల్ల వకుళ బిడ్డను ముద్దాడెను. పని విడిచిపెట్టుదునని తాననుకొన్న సంగతి ఉగాదినాడు జ్ఞప్తికి రాగా నామెకు తానెఱుగని యెవ్వతెయో యట్లనుకొన్నట్లు తోచెను.

ఆ ఉగాదినాడే మఱియొక వింత జరిగెను. సంస్థానమునకు దివానైన సోమరాజుగారు పొట్టివాడు, బొద్దుగా నుండువాడు, తప్పులు పట్టుటలో తిరువేంగళయ్యకు గురుపీఠము నలంకరింపదగినవాడు. కొలువుకూటమునకు గట్టిన మాల చుక్క తీయబడి నిర్మలమై యాయన యెదుటికి బోయెను. దివానుగారు దానిని పైనుండి క్రిందికి క్రిందినుండి పైకి చూచెను. తప్పు దొరకలేదు. ఆయన మొగము జేగురించెను. "ఏదో లోపించినది" అనెను. ఏమి లోపించినదో చెప్పజాలక మాల విప్పించి మూడుమాఱులు మరల గట్టించెను, సభవారందఱు వినునట్లు తిరువేంగళయ్యను బూచిక పుడకకంటె దేలికచేసి పలికెను. అంతటి పొడగరి తలవంచి నిలిచియుండ నాతని చెవు లెఱ్ఱబాఱుట మాల మరల గట్టవచ్చిన వకుళ చూచెను. అత్తమీది కోపము దుత్తమీద జూపుట యనగా నేమో యామెకు బోధపడెను. జాలిపడవలయునని యామె యనుకొనలేదు, ఐనను జాలి కలిగెను.

వైశాఖము వచ్చెను. మల్లెలు విరగబూచెను. సంస్థానాధీశ్వరుని మనుమనికి ఊయలవేడుక నిశ్చయమయ్యెను. రాజమాత స్వయముగా వచ్చి ముదిమనుమని నూయల నుంచుననియు, నూయలమండపమునకు గుండుమల్లెల తోరణమాల యొకటి పండ్రెండు మూరలు వలయుననియు నాజ్ఞ వెడలెను. ఆఱుగురును పొద్దువొడువకమున్నె కూర్చుండి, ఒకే యూపిరితో గట్టినట్లు మాలను గట్టిరి. అది వెన్నెలను నారతో గట్టి తెచ్చినట్లుండెనని తాయమ్మ యనెను, నలువదియేండ్లలో నామె యే మాలనుగూర్చియు నట్లని యుండలేదు. ఆనాటి చుక్క వంతు వకుళది. హంసకంటికి సరిగా నొక కనకాంబరమును గట్టి మాలను దండెమున నుంచెను.

అప్పుడు తిరువేంగళయ్య యెన్నడును రాని వేళకు ముందుగా వచ్చి "రాజమాతగారి యెదుటికి నారచేతులతో రాగూడదు. పోయి స్నానమాడి పండుగచీరలు గట్టి రండు. మాలకు నేను గావలియుందును" అనెను. ఇదేమి యనుగ్రహమని వారు విస్తుపోయి పోయి వచ్చిరి. వచ్చి చూడ నాతడు మాలకు మొగముగా నిలిచియుండెను, వెడల్పైన వీపడ్డమై వారి కేమియు గనబడదాయెను. వారు వాడుకచొప్పున తలలు వంచి నిలిచి తిట్టుకై వేచిరి.

"బాగున్నది" అనెను తిరువేంగళయ్య.

ఆ మాట యానోట నెవ్వరును విన్నది లేదు గనుక అది తమ భాషయేనా యని తాయమ్మకు సంశయము గలిగెను. ఇంతలో నాతడు సంజ్ఞ చేయగా నిద్దఱు మోతగాండ్రు మాలను వెదురుబద్దకు జుట్టి యెత్తుకొని యూయలమండపమునకు నడచిరి, ఆతడును బెత్తమూపుకొనుచు వెంట నడచెను.

"చుక్క చూడలేదు" అని నాంచారి గొంతు దాచుకొని యనెను. "రాజమాతగారి కండ్లబడును. దివానుగారు నేడు వీనిని కొలువునుండి తీసివేయుట నిక్కువము. ఊరకుండుము వకుళా. రెండేండ్ల యేడుపునకు దేవుడిచ్చిన తీర్పిది."

వకుళ ఊరకుండినచో తిరువేంగళయ్య పెత్తనము పోవును. నోరు విప్పినచో దిష్టిచుక్కల గుట్టు బయటబడి తన పని పోవును, తల్లి కూర్చుండిన నాపరాతిమీద మఱి కూర్చుండుట కలలోని మాటయగును. లెక్కజూచిన నూరకుండుటయే మేలు. కాని యా కనకాంబరము తప్పు వెదకు కంటినుండి తమ పనిని గాపాడుకొనుటకు పెట్టినదే గాని యొకని తలదీయించుటకు పెట్టినది గాదు. అటువంటిదానికి వాడినచో తన పూవునకును వాని నాలుకకును భేదమేమి? ఇంకను మాట యేమనగా, అంత చక్కని మాలతో నొకనికి కీడు చేయుట యామె చేతులకు సమ్మతము గాలేదు. పండుగచీర కుచ్చిళ్ళు చేతబట్టుకొని వకుళ మండపమువైపు పరుగెత్తెను.

మండపమున మాల నప్పటికే కట్టి మోతగాండ్రు వెడలిరి. వెండిగొలుసుల యూయలచెంత తిరువేంగళయ్య యొక్కడే నిలిచియుండెను.

"అయ్యా, మాలలో తప్పున్నది. తమ కంటియెత్తున నొక కనకాంబరము గలదు. అది పొరపాటు గాదు, నేను పెట్టినది. ఐదుమాసములుగా ప్రతిదినమును తమరికై యొక తప్పు పెట్టుచున్నాము. తొలుత పెట్టినదాన నేనే గనుక దండన నాకే, తక్కినవారికి వలదు. రాజమాతగారు రాకమున్నె దానిని దీయనిండు" అని వకుళ యొక్క గుక్కలో చెప్పివేసెను.

తిరువేంగళయ్య బెత్తముతో మాలను జూపి "ఎక్కడ నున్నది? తీయుము" అనెను.

వకుళ దగ్గఱకు బోయి చూచెను. ఆతని కంటియెత్తున మల్లెలే యుండెను. పైన వెదకెను, ప్రక్కల వెదకెను. తెల్లని మల్లెలు తప్ప మఱేమియు లేవు.

"జేనెడు దిగువను చూడుము" అనెను తిరువేంగళయ్య.

చూచెను. కనకాంబర మక్కడ నున్నది. కాని దానిని బట్టిన ముడి యామెది గాదు. ఆఱుగురిలో నెవ్వరిదియు గాదు. రెండు చుట్లు చుట్టి కొసను లోపలికి దిగవేసిన పాతకాలపు ముడి యది, చిన్ననాడు తల్లియొడిలో గూర్చుండి తాను చూచినదే గాని నేర్వనిది, ఆమె పోయినపిదప మఱి యెచ్చటను జూడనిది.

"ఇది మా యమ్మ ముడి" అనెను వకుళ.

"ఆమెయే నేర్పినది. పదునెనిమిదేండ్ల ప్రాయమున నేనును మీ నాపరాతిమీద గూర్చుండి పూలు గట్టినవాడనే. పెత్తనము వచ్చినది, పూలు పోయినవి" అని యాతడు తన వ్రేళ్ళవంక జూచుకొనెను. "దివానుగారు నా భుజమునకు వత్తురు గదా. నా కంటియెత్తున నున్న చుక్క యాయనకు దొరకదు. దొరకకున్న నుగాదినాడు జరిగినది చూచితివి. అందుచే దించితిని."

"తమ కెన్నడు దెలిసినది?"

"మాఘమాసమున. దినమున కొక తప్పు వచ్చి సరిగా నా కన్నులయెదుటనే కూర్చుండుచున్నది. తప్పులకు నామీద నంత భక్తి యేలయని యోచించితిని."

వకుళకు నవ్వును సిగ్గును నొక్కతూరి వచ్చెను. "తెలిసియు నూరకుంటిరేల?"

తిరువేంగళయ్య బెత్తపుపొన్నును తుడుచుచు చెప్పెను. "చుక్క దొరకినతోడనే నా కన్ను నెమ్మదించును. నెమ్మదించిన పిదప తక్కినమాల కనబడును. అంతకుమున్ను నాకు మీ మాల యెన్నడును గనబడలేదు వకుళా. తప్పు లేనిచోట నేను నిలుచుట యెఱుగను, అందుచే చూచుటయు నెఱుగనైతిని. ఈ మూడుమాసములును నేను నవ్వుమొగముతో నింటికి బోవుచున్నానని మా యింటిది పొరుగువారితో చెప్పుకొనుచున్నదట."

ఇంతలో మంగళవాద్యములు వినబడెను. రాజమాత తెల్లపట్టుచీర గట్టి ముదిమనుమని రొమ్మున నదుముకొని వచ్చెను, వెనుక బంధువులును కోడండ్రును వచ్చిరి, పుష్పలావికలు స్తంభముల వెనుకకు జేరిరి. అందఱికన్న ముందుగా దివాను సోమరాజుగారు వచ్చి మాలయెదుట నిలిచెను. ఆయన కన్ను తిన్నగా కనకాంబరముమీద బడెను. ఆయన మొగము ఫాల్గుణపూర్ణిమయయ్యెను.

"చూచితిరా? ఇన్నివేల మల్లెల నడుమ నొక కనకాంబరము. నేను జూడకున్న నేమయియుండును?" అని పరమానందభరితుడై దానిని దీయ చేయి సాచెను.

"తీయకుడు దివానుగారూ" అనెను రాజమాత. "ఇంత తెల్లదనమునడుమ పసివానిని బరుండబెట్టవలసినదేనా, దిష్టి తగులునేమో యని దారిపొడవున ననుకొనుచు వచ్చితిని. మండపమునకే చుక్క పెట్టవలయునని యెవరికి తోచినదో, వారి కడుపు చల్లగా నుండవలయును. ఎవరు?"

దివానుగారు చాచిన చేతిని చక్కగా మలచి దానితోనే కనకాంబరమును జూపుచు "అందుకే నేనును దేవిగారి దృష్టికి దెచ్చితిని" అనెను. ఆయనకు తప్పును దొరకెను, మెప్పును దొరకెను. అంతకంటె సుఖించిన దివాను ఆ సంస్థానమున మఱిలేడు.

తిరువేంగళయ్య చేతులు జోడించి ముందునకు వచ్చెను. ఆతడేమి చెప్పునోయని స్తంభము వెనుక నాంచారి చెవి యొగ్గెను.

"ముడి నాది తల్లీ, తలంపు వకుళది" అనెను తిరువేంగళయ్య. "ఈమె చేతిలో తప్పుండదు. ఉన్నచో నది కావలెనని పెట్టినదే."

రాజమాత వకుళను బిలిచి యూయలగొలుసు పట్టించి తొలియూపు నామెచేత నూపించెను. బాలుడు కన్నులు విప్పి తలపైనున్న యన్ని మల్లెలను విడిచి యా యొక్క కనకాంబరమునే చూచి కేరింత గొట్టెను. వకుళ కన్నులు చెమ్మగిల్లెను. ఈమాఱు పూలనీళ్ళని యెవ్వరును బొరబడలేదు, ఆమెయు దాచుకొనలేదు.

మఱునాటి వేకువను గంపలు వచ్చెను, నార తడిసెను, ఆఱుగురును మండలముగా గూర్చుండిరి. నాంచారి యలవాటుచొప్పున "నేటి చుక్క యెవరి వంతు?" అని యడిగి, గుట్టు బయటబడినపిదప నింక నా ప్రశ్నకు పనిలేదు గదా యని తానే నాలుక గఱచుకొనెను.

"నాది" అని వాకిటనుండి వినవచ్చెను.

తిరువేంగళయ్య చెప్పులు విడిచి లోనికి వచ్చి, వెండిపొన్ను బెత్తమును హంసస్తంభమునకు జేరవైచి, మోకాళ్ళు కీచుమన తాయమ్మ ప్రక్కను నాపరాతిమీద జదికిలబడెను. ఒక నారను దీసికొనెను. చేతులు మఱచినవి కొన్ని జ్ఞప్తికి దెచ్చుకొనుచు మూరెడు మాల గట్టి, బడిలో పలక జూపువానివలె తాయమ్మకు జూపెను. ఆ వృద్ధురాలు దానిని కంటియెత్తునకు బట్టి నిదానముగా నాపాదమస్తకము పరకాయించెను.

"ఇది మాలయా, బావికి గట్టు చేంతాడా?" అనెను తాయమ్మ.

తొలుత నవ్విన వాడు తిరువేంగళయ్యయే. ఆ నవ్వు చావడి దాటి తోటలోనికి బోవ, గంపలెత్తుకొని వచ్చుచున్న ఉద్యానపాలకులు నిలువబడి వినిరి.

లోకమున తప్పు వెదకు కన్నులకు కొదవ లేదు. వానిని మూయించుట దివానులవలననైనను గాదు. బుద్ధిమంతులు వానికి చిటికెడు కాటుకయో చిఱుపూవో మేతగా వైచి తమ చేతిపనిని చల్లగా గాపాడుకొందురు, అదృష్టమున్నచో నా కన్నులును మెల్లగా మాలను జూడనేర్చును. తిరువేంగళయ్య బెత్తమును నాటినుండి యెవ్వరును జేతబట్టలేదు. వెండిపొన్ను మెఱయుచు హంసప్రక్కనే నిలిచియుండెను, దినమును పని ముగిసినపిదప మిగిలిన మూరెడు మాలను ఎవరో యొకరు దానికి జుట్టిపోవుచుండిరి.